రెండొందల యాభై వాట్ల కరీముల్లా

ఆ బుధవారం పొద్దున కరీముల్లా వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి సంజీవరావు కొట్టుకు వెళ్ళాలి, కరెంటు బండి ఒకటి ఎంచుకోవాలి, పదింటికల్లా తిరిగొచ్చి దుకాణం తెరవాలి. శుక్రవారం నాడు ఆ బండిని ఇంటిముందు ఆపి హారన్ కొడితే భార్య జైతున్‌బీ చేతులు తుడుచుకుంటూ బయటికి రావాలి. అప్పుడు ఆమె మొహం ఎలా ఉంటుందో కూడా ముందే ఊహించి పెట్టుకున్నాడు.

కరీముల్లాది అద్దంకిలో పరుపుల దుకాణం. వయసు యాభై రెండు. పత్తి గుప్పిట్లోకి తీసుకుంటే ఏ నేలలో పండిందో చెబుతాడు. దూది మూట ఒంటిచేత్తో లేపితే పావుకిలో తేడాలో తూకం చెబుతాడు. అతనికి చేతకానిదల్లా రెండు చక్రాల బండి లైసెన్సు తెచ్చుకోవడం. మూడుసార్లు పరీక్షకు వెళ్ళాడు. ఎనిమిది అంకె చుట్టమంటే మొదటిసారి సున్నా చుట్టాడు, రెండోసారి ఆరు దగ్గర ఆగిపోయాడు, మూడోసారి ఇన్‌స్పెక్టరు కూర్చున్న కుర్చీ వైపు వెళ్ళాడు. ఇన్‌స్పెక్టరు సమయానికి లేచాడు గాని కుర్చీ లేవలేకపోయింది. అప్పట్నుంచి కరీముల్లా సైకిలు మీదే దిళ్ళు మోసుకుంటూ పల్లెలు తిరుగుతున్నాడు. పర్చూరులో పొగాకు వ్యాపారం చేసే బావమరిది అక్బరు మాత్రం మోటారు సైకిలు మీద వచ్చినప్పుడల్లా, "బావా, ఎక్కడికన్నా దింపనా?" అని అడుగుతాడు. ఆ అడగడంలో జాలి ఉండేది. కరీముల్లాకు అదే మింగుడుపడేది కాదు.

అలాంటి సమయంలో, రెండువేల ఎనిమిది వేసవిలో, ఊళ్ళోకి కరెంటు బళ్ళొచ్చాయి. సంజీవరావు కొట్టు ముందు బోర్డు పెట్టాడు: పెట్రోలు అక్కర్లేదు, రిజిస్ట్రేషను అక్కర్లేదు, లైసెన్సు అక్కర్లేదు. చివరి అక్కర్లేదు దగ్గర కరీముల్లా సైకిలు దానంతటదే ఆగింది.

"ఏ మోటారు కావాలండీ?" అని అడిగాడు సంజీవరావు.

"లైసెన్సు అక్కర్లేనిది."

"అది మోటారు పేరు కాదు కరీముల్లా గారూ. రెండొందల యాభై వాట్లు ఉంది, ఐదొందలుంది, ఎనిమిది వందలుంది. మీకేది కావాలో తేల్చాలి."

సంజీవరావు ఇరవయ్యేళ్ళు బోరు మోటార్లు అమ్మి ఈ వ్యాపారంలోకి వచ్చిన మనిషి. బోరు లోతెంతో చెప్పని రైతుకు మోటారు అమ్మేవాడు కాదు. ఇప్పుడు బండెక్కేవాళ్ళ వివరాలు చెప్పనివాళ్ళకు బండి అమ్మడు. అందుకోసం ఒక ఫారం అచ్చు వేయించాడు.

"లైసెన్సు అడగనిది రెండొందల యాభై వాట్లదొక్కటే. గంటకి పాతిక కిలోమీటర్లు దాటదు. ఒక్క మనిషికి హాయిగా ఉంటుంది. ఇద్దరెక్కాలంటే ఇద్దరి బరువూ కలిపి నూట పది కిలోలు దాటకూడదు. దాటితే లాగదు. లాగినా కాయిల్ మాడిపోద్ది. ఆ పైవాటికి నంబరు ప్లేటు కావాలి, లైసెన్సు కావాలి. మీరొక్కరేనా, ఇద్దరా?"

"ఇద్దరం. మా ఆవిడ వెనక కూర్చుంటుంది."

"మీ బరువు?"

"యాభై ఐదు," అన్నాడు కరీముల్లా తడుముకోకుండా.

సంజీవరావు కళ్ళద్దాల పైనుంచి అతన్ని ఒకసారి చూశాడు. చేతిలో పెన్ను జేబులో పెట్టుకుని, సొరుగులోంచి పెన్సిలు తీసి యాభై ఐదు వేసుకున్నాడు.

"మీ ఆవిడది?"

కరీముల్లా వేళ్ళ మీద లెక్కేశాడు. నూట పదిలోంచి యాభై ఐదు తీసేస్తే యాభై ఐదు. జైతున్‌బీ యాభై ఐదే ఉండాలి. ఉంటుందా?

"అందాజుగా వేసుకోండి," అన్నాడు.

"అందాజుగా చెప్పినవాళ్ళ మోటార్లే అవన్నీ." సంజీవరావు వెనక అరలో వరసగా మాడిపోయిన మోటార్లు నల్లగా కూర్చుని ఉన్నాయి. "ఇంటికెళ్ళి అడగండి. దానికేముంది?"

"మీరు మీ ఆవిణ్ణి ఎప్పుడన్నా అడిగారా?"

సంజీవరావు గొంతు సవరించుకున్నాడు. "నేను కారు కొన్నాను," అన్నాడు.

ఆరేళ్ళ కిందట ఒక పెళ్ళికి వెళ్తూ ఆటో ఎక్కి కూర్చోగానే డ్రైవరు జైతున్‌బీతో, "అమ్మా, నువ్వు మధ్యలో కూర్చో, బండి ఒక పక్కకి ఒరుగుద్ది," అన్నాడు. ఆమె దిగి నాలుగు కిలోమీటర్లు నడిచి పెళ్ళికి వెళ్ళింది. కరీముల్లా కూడా వెనకాలే నడిచాడు. అలాంటి మనిషి దగ్గరికి వెళ్ళి నీ బరువెంత అని అడగడం కంటే ఎనిమిది చుట్టడం నయం అనిపించింది అతనికి.

అడగకుండా తెలుసుకోవాలి. అందుకు తనకు తెలిసిన విద్యే వాడుకుందామనుకున్నాడు. పరుపు తను కుట్టిందే. ఎంత దూది పట్టిందో తెలుసు, ఎన్నేళ్ళు వాడారో తెలుసు. ఆమె పడుకునే వైపు ఎన్ని అంగుళాలు అణిగిందో కొలిస్తే లెక్క కట్టొచ్చు. గురువారం పొద్దున జైతున్‌బీ నీళ్ళ పంపు దగ్గరికి వెళ్ళగానే దుప్పటి లాగేసి, పరుపుకు అడ్డంగా దారం కట్టి, స్కేలు పట్టుకుని మంచం మీద బోర్లా పడుకున్నాడు. సరిగ్గా అప్పుడే ఆమె బిందె మర్చిపోయి వెనక్కి వచ్చింది.

"ఏం చేస్తున్నావయ్యా?"

"నల్లులు," అన్నాడు కరీముల్లా.

ఎందుకన్నాడో అతనికే తెలియదు. నోటికి అదొచ్చింది.

జైతున్‌బీ శుభ్రం విషయంలో ఎవరి మాటా వినే మనిషి కాదు. పది నిమిషాల్లో ఇంట్లో ఉన్న నాలుగు పరుపులూ ఎనిమిది దిళ్ళూ వీధి అరుగు మీదికి వచ్చేశాయి. పొయ్యి మీద నీళ్ళు మరుగుతున్నాయి. మంచాల కోళ్ళ సందుల్లో కిరసనాయిలు పోస్తోంది. ఎదురింటి కోటేశ్వరి కళ్ళాపి చల్లుతూ, "ఏంటొదినా, అన్నీ బయటేశావు?" అని కేకేసింది.

"నల్లులంట కోటేశ్వరీ! మీ అన్నయ్య చూశాడు!"

కోటేశ్వరికి ఎవరి మీదా చెడ్డ ఉద్దేశం లేదు. ఆమెకు ఉన్నదల్లా పెద్ద గొంతు. పరుపుల కరీముల్లా ఇంట్లో నల్లులు పడ్డాయన్న మాట తొమ్మిదింటికి బజారుకూ, పదకొండింటికి బస్టాండుకూ చేరింది. మధ్యాహ్నం కల్లా ఇద్దరు మనుషులు పోయిన నెల కొన్న పరుపుల్ని రిక్షాలో వేసుకొచ్చి దుకాణం ముందు దించి, "వీటిని కూడా ఒకసారి చూడవయ్యా," అన్నారు. సాయంత్రం మార్టూరు నుంచి పెళ్ళివాళ్ళు ఫోన్ చేశారు. ఆరు పరుపులు, పన్నెండు దిళ్ళు కుట్టమన్నవాళ్ళు. ఏమీ అనుకోవద్దనీ, కొత్త పెళ్ళికూతురు చర్మం సున్నితమనీ చెప్పి పెట్టేశారు.

కరీముల్లా ఫోను వంక చూస్తూ కూర్చున్నాడు. తాత నాటి నుంచి ఆ దుకాణం పేరు మీద ఒక్క మాట పడలేదు. తన నోటితో తనే వేసుకున్నాడు. ఈ కబురును పుట్టించిన చోటే చంపాలని నిశ్చయించుకుని దుకాణం కట్టేసి నేరుగా కోటేశ్వరి ఇంటికి వెళ్ళాడు.

"అమ్మా కోటేశ్వరీ, మా ఇంట్లో నల్లుల్లేవు. ఒక్కటి కూడా లేదు."

"మరి పరుపు మీద బోర్లా పడుకుని ఏం చూస్తున్నావన్నయ్యా?"

"పరుపు ఎంత అణిగిందో కొలుస్తున్నా."

"ఎందుకు?"

"మీ వదిన బరువు తెలుసుకుందామని."

కోటేశ్వరి చేటలో బియ్యం ఏరడం ఆపింది. "వదిన బరువా? నీకెందుకు?"

బండి సంగతి చెబితే అయిదు నిమిషాల్లో జైతున్‌బీకి తెలుస్తుంది. శుక్రవారం హారను, చేతులు తుడుచుకుంటూ బయటికి రావడం, అన్నీ పోతాయి. కరీముల్లా అటూ ఇటూ చూశాడు. గోడ మీద ఏదో కొండదేవుడి కేలండరు వేలాడుతోంది. ఆ దేవుడి ముందు తులాభారం తూగుతున్నవాళ్ళ బొమ్మ.

"మొక్కు," అన్నాడు. "దర్గాలో మొక్కుకున్నా. మీ వదినంత బరువు బెల్లం తూచి పంచుతానని. ఎవరికీ చెప్పకూడదు. చెబితే మొక్కు చెల్లదు."

"ఏం కావాలని మొక్కుకున్నావన్నయ్యా?"

"అదసలే చెప్పకూడదు."

కోటేశ్వరి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఎవరికీ చెప్పనని ఒట్టేసింది. ఆ ఒట్టుకు కట్టుబడి ఆ సాయంత్రమంతా ఎవరికీ చెప్పలేదు, ఒక్క జైతున్‌బీకి తప్ప.

శుక్రవారం పొద్దున కరీముల్లా కంచంలో జావ ఉంది. పక్కన పచ్చడి లేదు. కారం లేదు. చివరికి ఉప్పు కూడా అనుమానంగానే ఉంది.

"ఇదేంటి జైతూ?"

"తాగు," అంది జైతున్‌బీ. రాత్రంతా ఏడ్చినట్టు కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "ఎన్నాళ్ళ నుంచయ్యా?"

"ఏది?"

"నాకు చెప్పకుండా దాచుకున్నావే, ఆ రోగం. రోగం లేకుండా నువ్వు మొక్కుకునే మనిషివా? గుండెకా? కడుపులోనా? నన్ను ఒక్కదాన్నీ వదిలేసి పోదామనుకున్నావా?"

కరీముల్లా కంచం పక్కకి జరిపాడు. ముప్పయ్యేళ్ళ కాపురంలో ఆమె అరవడం చూశాడు, అలగడం చూశాడు, ఆటో దిగి నడిచిపోవడం చూశాడు. ఇంత చిన్నగొంతుతో మాట్లాడటం మాత్రం చూడలేదు. నిజం చెప్పేద్దామనుకున్నాడు. "జైతూ, అసలు సంగతేంటంటే, నీ బరువు..." అని మొదలుపెట్టాడు.

"నా బరువు సంగతి నువ్వు పెట్టుకోకు. నీకు నయమైతే నేను నలుగురిలో తక్కెట్లో కూర్చుంటా. నాకేం సిగ్గులేదు," అందామె.

ఆటో దిగి నడిచిపోయిన మనిషి ఆ మాట అన్నాక కరీముల్లా కంచం దగ్గరికి లాక్కుని జావ మొత్తం తాగేశాడు. ఇప్పుడు నిజం చెప్పడం అబద్ధం చెప్పడం కంటే పెద్ద నేరమనిపించింది.

అక్క ఫోన్ చేసి పిలిస్తే పదకొండింటికి అక్బరు మోటారు సైకిలు వచ్చి ఆగింది. వెనకాల ట్రాలీ ఆటోలో ఎనిమిది బెల్లం దిమ్మలు. ఒక్కోటి పది కిలోలు.

"బావా, ఏ డాక్టరు చూశాడు? రిపోర్టులేవి?"

"నాకేం లేదురా."

"అందరూ అలాగే అంటారు బావా," అన్నాడు అక్బరు అతని భుజం మీద చెయ్యేసి. ఎక్కడికన్నా దింపనా అని కూడా అడగలేదు. అది చూసి కరీముల్లాకు తనకు నిజంగానే ఏదో రోగం ఉందేమోనని ఒక్క క్షణం అనుమానం వచ్చింది.

ఒక్కటి మాత్రం మేలు జరిగింది. రోగం మాట బజారెక్కేసరికి నల్లుల మాట ఊళ్ళో చచ్చిపోయింది. రోగంతో ఉన్న మనిషి పరుపులకు ఎవరూ వంక పెట్టలేదు. వాపసు తెచ్చినవాళ్ళే వచ్చి పరుపులు పట్టుకుపోయారు. మార్టూరు వాళ్ళు ఫోన్ చేసి, ఓపికుంటేనే కుట్టమన్నారు.

మధ్యాహ్నం నమాజు అయ్యాక అందరూ ఊరి చివర దర్గా దగ్గర చేరారు. కోటేశ్వరి మొగుడు పిచ్చయ్య పత్తి కొనేచోట కాటా వేస్తాడు. అతనే పెద్ద తక్కెడ తెచ్చి, మూడు వాసాలు ముడేసి దానికి వేలాడదీశాడు. దర్గా చూసుకునే ముజావరు మాబు సాహెబ్ ఫాతిహా చదివాడు. జైతున్‌బీ కొత్త చీర కొంగు తలమీదికి లాక్కుని, ఎవరి మొహమూ చూడకుండా ఒక పళ్ళెంలో కూర్చుంది. పిచ్చయ్య రెండో పళ్ళెంలో దిమ్మలు పేర్చడం మొదలుపెట్టాడు. జనం లెక్కపెడుతున్నారు.

"నాలుగు... అయిదు..."

కరీముల్లా కళ్ళు మూసుకున్నాడు. ఇన్ని జరిగినా, అతని మనసు ఒక మూల ఇంకా యాభై ఐదు దగ్గర ఆగమని వేడుకుంటూనే ఉంది.

"ఆరు... ఏడు!"

ఏడో దిమ్మకు పళ్ళెం కదిలింది. పైన ఒక కిలో రాయి పెట్టేసరికి ముల్లు నిలబడింది. డెబ్భై ఒకటి. అందరూ చప్పట్లు కొట్టారు. జైతున్‌బీ తలెత్తి మొగుడి వంక చూసింది. ఆ చూపులో సిగ్గు లేదు. నువ్వు బతికితే చాలు అన్నట్టుంది.

బెల్లం కోసం వచ్చిన జనంలోంచి సంజీవరావు ముందుకు తోసుకొచ్చాడు. చేతిలో ఫారం, చెవి మీద పెన్సిలు.

"మంచి పని చేశారు కరీముల్లా గారూ! ఇంత కచ్చితంగా బరువు తెచ్చిన కస్టమరు నాకు ఇంతవరకూ తగల్లేదు. మీ యాభై ఐదు, ఆవిడ డెబ్భై ఒకటి, నూట ఇరవయ్యారు. రెండొందల యాభై పనికిరాదు. ఐదొందల వాట్లు తీసుకోవాల్సిందే."

చప్పట్లు ఆగిపోయాయి. కొట్టబోతున్న చేతులు గాల్లోనే ఉండిపోయాయి.

"ఏం వాట్లు?" అంది జైతున్‌బీ పళ్ళెంలోంచే.

"కరెంటు బండమ్మా. మీకు తెలీదా? వెనకాల మీరు కూర్చుంటారు కదా, మీ బరువు తెలిస్తేగాని మోటారు ఇవ్వనన్నాను. బుధవారం నాటి మాట."

జైతున్‌బీ నెమ్మదిగా దిగింది. అవతలి పళ్ళెంలో బెల్లం ఢామ్మని నేలను తాకింది.

"నీకు రోగం లేదా?"

"లేదు జైతూ."

"ఏ రోగమూ లేదా?"

"లేదు. బండి కొని నిన్ను... హారన్ కొడదామని..."

ఆమె కళ్ళు మూసుకుని రెండు చేతులూ పైకెత్తి అల్లాకు శుకర్ చెప్పుకుంది. అది పూర్తయ్యాక కళ్ళు తెరిచింది. ఆ కళ్ళు చూసిన ముందు వరసవాళ్ళు రెండడుగులు వెనక్కి జరిగారు. అక్బరైతే మూడడుగులు జరిగాడు. అతను చిన్నప్పటి నుంచి చూస్తున్నాడు కదా.

"ఎక్కు," అంది.

"ఎక్కడికి?"

"తక్కెడ. ఊరందరి ముందు నన్ను తూచావుగా. నువ్వూ ఎక్కు."

"నాదెందుకు జైతూ, నాది యాభై ఐదేగా..."

"ఎప్పుడు తూయించుకున్నావు?"

కరీముల్లా ఆలోచించాడు. పెళ్ళికి ముందు, ఒంగోలు రైలు స్టేషన్లో, చీటీ వచ్చే మిషను మీద. అతని మనసులో అతనింకా ఆ చీటీ పట్టుకున్న కుర్రాడే. చీటీ తర్వాత ముప్పయ్యేళ్ళ పులావు ఉందన్న సంగతి ఎప్పుడూ తోచలేదు.

ఎక్కి కూర్చున్నాడు. పిచ్చయ్య దిమ్మలు పేర్చాడు. ఆరయ్యాయి. ఏడయ్యాయి. పళ్ళెం కదల్లేదు. ఎనిమిదోది కూడా పెట్టాడు. వాసాలు కిర్రుమన్నాయి గాని కరీముల్లా నేలమీదే ఉన్నాడు.

"బెల్లం అయిపోయింది," అన్నాడు పిచ్చయ్య.

"తూకం రాళ్ళు పెట్టు," అంది జైతున్‌బీ.

అయిదు కిలోల రాయి ఒకటి, దానిమీద కిలో రాయి ఒకటి పెట్టాక కరీముల్లా మెల్లగా గాల్లోకి లేచాడు. ఎనభై ఆరు. ఈసారి చప్పట్లు ఇంకా గట్టిగా మోగాయి. సంజీవరావు రబ్బరు తీసి యాభై ఐదును శుభ్రంగా చెరిపేశాడు.

"ఎనభై ఆరు, డెబ్భై ఒకటి, నూట యాభై ఏడు. ఎనిమిది వందల వాట్లు, కరీముల్లా గారూ. అనుమానమే లేదు."

"లైసెన్సు?"

"కావాలి."

కరీముల్లా గాల్లో వేలాడుతూనే తల దించుకున్నాడు. ఎవరో ఇన్‌స్పెక్టరు కుర్చీ సంగతి గుర్తు చేశారు. నవ్వులు మొదలయ్యాయి.

"నవ్వకండయ్యా," అంది జైతున్‌బీ. తన మొగుణ్ణి తను అనొచ్చు గాని ఊరు నవ్వితే ఆమెకు పడదు. "సంజీవరావు గారూ, ఆ కాగితంలో నడిపేవాళ్ళ పేరు దగ్గర నాది రాయండి. లైసెన్సు నేను తెచ్చుకుంటా."

"నీకు బండొచ్చా?" అన్నాడు కరీముల్లా నోరు తెరిచి.

"నాకు సైకిలు నేర్పింది అక్కే బావా," అన్నాడు అక్బరు. "పర్చూరులో పొగాకు బేళ్ళ మధ్య నుంచి చేతులొదిలేసి తొక్కేది."

"ముప్పయ్యేళ్ళలో నాకెప్పుడూ చెప్పలేదే?"

"నువ్వెప్పుడన్నా అడిగావా?" అంది జైతున్‌బీ.

ఆ వారమంతా కరీముల్లా ఏదీ అడగకుండానే ఇంత దూరం వచ్చాడు. మాబు సాహెబ్ మాత్రం బెల్లం ముక్క చప్పరిస్తూ, మొక్కు సంగతి అల్లా చూసుకుంటాడనీ, బెల్లం బాగుందనీ అన్నాడు.

రెండు నెలల తర్వాత జైతున్‌బీ పరీక్షకు వెళ్ళింది. మొదటిసారే ఎనిమిది చుట్టింది. ఇన్‌స్పెక్టరు ఇంకోసారి చుట్టమన్నాడు. అనుమానంతో కాదు, చూడ్డానికి బాగుందని. మొదటి ప్రయాణం పర్చూరుకే. పొలాల్లో కొత్త పత్తి మొలకలు రెండాకులు వేస్తున్నాయి. కరీముల్లా రెండు చేతుల్లో రెండు దిళ్ళు పట్టుకుని వెనక కూర్చున్నాడు. దారిలో ఒక్కసారి మాత్రం ముందుకు వంగి, "జైతూ, నడుపుతుంటే ఎలా ఉంది?" అని అడిగాడు. ఆమె వెనక్కి తిరగలేదు గాని హారన్ కొట్టింది. అవసరం లేకపోయినా రెండుసార్లు కొట్టింది.

సంజీవరావు ఆ తర్వాత కొట్టులోనే బరువు చూసుకునే మిషను ఒకటి పెట్టించి, ఆడవాళ్ళు మొహమాటపడతారని దాని చుట్టూ పూలగుడ్డ తెర కట్టించాడు. ఇప్పటివరకూ ఆ తెర వెయ్యమని అడిగినవాళ్ళందరూ మగవాళ్ళే.